ర్యాంకుల పట్టికకు ఒంటికాలి మీద నిలబడి రాసిన లేఖ

మహారాజశ్రీ ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండ్ల ర్యాంకుల పట్టిక గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు ఎప్పటికప్పుడు కొత్త ముస్తాబుతో దర్శనమిచ్చి, సుదీర్ఘమైన, చిక్కైన రాక్ సంగీతానికి పేరుమోసిన పింక్ ఫ్లాయిడ్, జెనెసిస్, యెస్, కింగ్ క్రిమ్సన్‌లను ముందు వరుస కుర్చీల్లో కూర్చోబెట్టి, జెత్రో టల్ వంతు వచ్చేసరికి పెళ్ళికి ఆలస్యంగా వచ్చిన దూరపు చుట్టానికి చోటు చూపినట్టు అయిదో ఆరో అంకె వేసి చేతులు దులుపుకుంటున్నారు. ఆ అంకె పెంచమని అడగడానికి నేను రాయడం లేదు. ఆ బ్యాండును కొలవబోయిన ప్రతిసారీ పోతున్నది తమ పరువేనని, శ్రేయోభిలాషిగా విన్నవించుకుంటున్నాను.

లండన్ క్లబ్బుల్లో ఒకసారి వాయించిన చోటికి రెండోసారి పిలుపు రాక, పేరు మార్చుకుని కొత్తవారిలా మళ్ళీ వెళ్ళిన కుర్రాళ్ళు వీరు. 1968లో మార్కీ క్లబ్బు వారు మళ్ళీ రమ్మన్ననాటికి వాడుకలో ఉన్న పేరు, 18వ శతాబ్దపు ఇంగ్లండులో గుర్రంతో లాగించే విత్తనపు గొర్రును ప్రచారంలోకి తెచ్చిన జెత్రో టల్‌ది. విత్తనం సాలు తప్పకూడదని తపించిన మనిషి పేరు పెట్టుకున్న బ్యాండు, బ్లూసు, జానపదం, జాజు, హార్డ్ రాక్ అంటూ చేలన్నీ తిరిగిందే గాని తమరు గీసిన ఏ సాలులోనూ పడలేదు. మొదటి రికార్డు మీద ఆ పేరు కాస్తా ‘జెత్రో టో’ అని అచ్చయింది. ప్రూఫు దిద్దినవారు తమ వంశీకులే అయివుంటారు.

ఎరిక్ క్లాప్టన్ వాయించడం విని, గిటారులో తనకు మొదటి ర్యాంకు దక్కదని గ్రహించిన బ్యాండు నాయకుడు ఇయన్ ఆండర్సన్, ఉన్న గిటారు ఇచ్చేసి ఫ్లూటు తెచ్చుకున్నాడు. దాన్ని ఒంటికాలి మీద నిలబడి వాయిస్తే, విమర్శకులు కూడా ఒంటికాలి మీద లేచారు.

అసలు విషయానికి వస్తాను. 1971లో వచ్చిన ‘ఆక్వాలంగ్’ను అందరూ కాన్సెప్ట్ ఆల్బమ్ (పాటలన్నీ ఒకే ఇతివృత్తం చుట్టూ అల్లిన రికార్డు) అన్నారు, కాదు మొర్రో అని ఆండర్సన్ మొత్తుకున్నా వినలేదు. అయితే ఇదిగో పుచ్చుకోండి అంటూ, ఆ తరహా సంగీతపు డాంబికాన్నంతా వెక్కిరిస్తూ, రికార్డు రెండు వైపులా నిండేలా దాదాపు 44 నిమిషాల ఒకే పాటను 1972లో ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ పేరుతో విడుదల చేశాడు. అమెరికాలో అది మొదటి స్థానానికి వెళ్ళింది. హాస్యమేమిటంటే, ఆ వెక్కిరింతనే తమరు అర్ధశతాబ్దంగా ప్రోగ్రెసివ్ రాక్ మహత్తర కృతుల్లో ఒకటిగా, ముఖంలో చిరునవ్వైనా లేకుండా, వరుసలో నిలబెడుతున్నారు. పగటివేషగాడు జమీందారు వేషం కట్టి వస్తే, నిజమైన జమీందారే అనుకుని శిస్తు కట్టిన కరణాన్ని ఇంతవరకు ఎవరూ చూడలేదు, తమరు తప్ప.

తమ పెద్దన్న గ్రామీ సంగతి మరీ ఘనం. 1989లో హార్డ్ రాక్, మెటల్ విభాగానికి తొలిసారి బహుమతి పెట్టి, ఆ రాత్రి అదే వేదిక మీద వాయించిన హెవీ మెటల్ బ్యాండు మెటాలికాను పక్కనబెట్టి, గెలిచే ఆశ లేక సభకే రాని జెత్రో టల్‌కు ఇచ్చింది. ఫ్లూటు కూడా హెవీ మెటల్ వాద్యమేనని రికార్డు కంపెనీ వారు పత్రికలో ప్రకటన వేయించి నవ్వుకున్నారు. మరుసటి ఏడాదికల్లా ఆ విభాగాన్ని రెండుగా చీల్చక తప్పలేదు. 1992లో గ్రామీ అందుకున్న మెటాలికా డ్రమ్మరు, ఈ ఏడాది ఆల్బమ్ తీసుకురానందుకు జెత్రో టల్‌కు ధన్యవాదాలు చెప్పాడు. రాక్ దిగ్గజాలకు పీట వేసే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గారు మాత్రం అర్హతకు కావలసిన పాతికేళ్ళు ఎప్పుడో గడిచినా తలుపు తీయలేదు. బహుశా ఏ గదిలో కూర్చోబెట్టాలో ఇంకా ఆలోచిస్తున్నారు.

‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ అట్టతో పాటు 12 పుటల ఉత్తుత్తి వార్తాపత్రిక ఒకటి వచ్చింది. ఎనిమిదేళ్ళ పిల్లవాడి కవితకు పోటీలో మొదటి బహుమతి ఇచ్చి, ఫిర్యాదులు రాగానే న్యాయనిర్ణేతలు దాన్ని వెనక్కి లాక్కున్నారని అందులో మొదటి పుట వార్త. వచ్చే పట్టికకు ముస్తాబయ్యే ముందు తమరు ఒకసారి తీరిగ్గా చదవగలరు.

ఇట్లు,
తమ పట్టికను పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివిన
ఒక శ్రోత