తాళం తరఫున నాలుగు మాటలు

పనిచేసే చోట అత్యవసర ద్వారానికి తాళం వెయ్యకూడదని ఈ మధ్య కొందరు తెగ వాదిస్తున్నారు. లోపల మనుషులున్నంతసేపూ ఎవరు నెట్టినా అది తెరుచుకోవాలట. తాళంచెవి గానీ పనిముట్టు గానీ ప్రత్యేక జ్ఞానం గానీ అవసరం పడకూడదని అమెరికా కార్మిక భద్రతా నిబంధనల్లో రాసి మరీ పెట్టారు. జ్ఞానం లేకుండా తెరుచుకునే తలుపుకి ఇక గౌరవం ఏముంటుంది?

అసలు తాళం ఎందుకు వేస్తారో ముందు తెలుసుకోవాలి. మంట ఎప్పుడో వస్తుంది, ఉద్యోగి రోజూ వస్తాడు. మరి ఎవరిని అనుమానించాలి? న్యూయార్క్‌లో ట్రయాంగిల్ షర్ట్‌వెయిస్ట్ ఫ్యాక్టరీ యజమానులకి ఈ లెక్క బాగా తెలుసు. కుట్టుపని చేసే అమ్మాయిలు ఏమైనా దాచుకుని పోతారేమోనని, అందరూ ఒకే దారిన బ్యాగు చూపించి వెళ్లేలా తొమ్మిదో అంతస్తులో రెండో తలుపుకి తాళం పెట్టారు. 1911 మార్చి 25న మంటలు లేచాయి. 146 మంది చనిపోయారు. కేసులో యజమానులు నిర్దోషులుగా బయటికొచ్చారు (కోర్టు తలుపుకి తాళం లేదు కాబోలు). 1913లో వాళ్లలో ఒకాయన పనివేళల్లో ఫ్యాక్టరీ తలుపుకి మళ్లీ తాళం వేయించి దొరికాడు. జరిమానా 20 డాలర్లు. నమ్మిన సిద్ధాంతానికి కట్టుబడటమంటే అదీ!

1991లో నార్త్ కరోలినాలోని హామ్లెట్‌లో, కోడిమాంసం తయారుచేసే ప్లాంటులోనూ తలుపులకి తాళాలే. కోళ్లు ఎత్తుకుపోతారని భయం. ఆ సెప్టెంబరు 3న 25 మంది పోయారు. 80 ఏళ్లయినా సిద్ధాంతం చెక్కుచెదరలేదు.

50 మందికి మించి ఉండే గదిలో తలుపు బయటికే తెరుచుకోవాలని ఇంకో పేచీ. లోపలికి తెరుచుకునే తలుపు ఎంత మర్యాద గలది! దాన్ని తియ్యాలంటే అందరూ ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. పొగలో వెనకవాళ్లు తోస్తుంటే ముందువాళ్ల ఒళ్లే దానికి గడియ అవుతుందంటే, అది క్రమశిక్షణ లోపం గానీ తలుపు తప్పు కాదు కదా.

1903లో షికాగోలోని ఇరోక్వాయ్ థియేటర్‌లో 600 మందికి పైగా చనిపోయాక, ఒంటితో ఆనుకున్నా తెరుచుకునేలా తలుపుకి అడ్డంగా కడ్డీ పెట్టే ఉపాయం కనిపెట్టారు. పానిక్ బార్ అంటారు. ఇది నాకు బాగా నచ్చింది. గొలుసు చుట్టి తాళం వేసుకోవడానికి ఇంత అనువైన పట్టు మామూలు తలుపులకి ఉండదు.

ఇక దారి కనీసం 28 అంగుళాల వెడల్పు ఉండాలంటారు. సరిగ్గా కార్టన్లు పేర్చడానికి సరిపోయేంత! పైన వెలిగే ఎగ్జిట్ బోర్డు కూడా ఉండాల్సిందే. అది లేకపోతే ఏ కార్టన్‌లో ఏముందో చీకట్లో ఎలా చదవడం?

మా దగ్గర భద్రత మీద శ్రద్ధ లేదని మాత్రం ఎవరూ అనకూడదు. ఏడాదికోసారి ఫైర్ డ్రిల్ జరుగుతుంది. శుక్రవారం 11 గంటలకి అనుకోకుండా ప్రమాదం జరుగుతుందని సోమవారమే సర్క్యులర్ వస్తుంది. గురువారం సాయంత్రం కార్టన్లు తీసేసి, గొలుసు విప్పి, కడ్డీ తుడుస్తారు. డ్రిల్‌లో మూడు నిమిషాల్లో అందరం బయటపడి ఫొటో దిగాం. మధ్యాహ్నానికల్లా కార్టన్లూ గొలుసూ ఎక్కడివక్కడ చేరాయి.

ఆ రోజే కొత్తగా చేరిన కుర్రాడొకడు ఆ తాళంచెవి ఎక్కడుంటుందని అడిగాడు. ఇదివరకు తలుపు పక్కనే అద్దం పెట్టెలో ఉండేది. ఎవరో అది తీసుకుని సిగరెట్టుకి వెళ్తున్నారని మేనేజరు గారి సొరుగులోకి మార్చారు. సొరుగుకి తాళం ఉంది. మేనేజరు గారు ఊళ్లో లేరు. ఆ కుర్రాడి మీద మాత్రం ఓ కన్నేసి ఉంచమని సెక్యూరిటీకి చెప్పారు.