పెనాల్టీకి ముందు ఆ 40 మీటర్లు: ఆటగాడి మనసును రంగస్థలం ఎలా చూపిస్తుంది?

మ్యాచ్ సమంగా ముగిసినప్పుడు ఒక్కొక్కరూ వచ్చి గోల్‌ వైపు తన్నే ఫుట్‌బాల్ పెనాల్టీ షూటౌట్‌లో బంతిని తన్నడం కన్నా కష్టమైన పని ఒకటుంది. మైదానం మధ్యలో జట్టుతో భుజం భుజం కలిపి నిలబడ్డ ఆటగాడు తన వంతు రాగానే వాళ్లను వదిలి ఒంటరిగా నడవాలి. మధ్యగీత నుంచి పెనాల్టీ గుర్తు దాకా దాదాపు 40 మీటర్లు. టీవీలో ఆ నడక బరువు మనకు పూర్తిగా తెలియదు. కెమెరా ఒకసారి అతని ముఖం చూపిస్తుంది, ఇంకోసారి గోల్‌కీపర్‌ని, మరోసారి దండం పెట్టుకుంటున్న అభిమానులను. నాటకంలో అలా దృశ్యం మార్చే వీలు తక్కువ. నటుడు, ఖాళీ జాగా, వెలుతురు, శబ్దం... వీటితోనే పని జరగాలి. ఆటగాళ్ల మానసిక ఆరోగ్యం గురించి నాటకం చెప్పగలిగింది సినిమా కూడా చెప్పలేదని నేను నమ్మడానికి కారణం ఆ ఖాళీ జాగానే.

దీనికి మంచి ఉదాహరణ 'డియర్ ఇంగ్లాండ్'. జేమ్స్ గ్రాహం రాసిన ఈ నాటకాన్ని రూపర్ట్ గూల్డ్ దర్శకత్వంలో 2023 జూన్‌లో లండన్ నేషనల్ థియేటర్‌లో తొలిసారి ప్రదర్శించారు. కథానాయకుడు 2024 దాకా ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ జట్టు మేనేజర్‌గా ఉన్న గారెత్ సౌత్‌గేట్. 1996 యూరో (యూరప్ దేశాల ఫుట్‌బాల్ కప్) సెమీఫైనల్‌లో, లండన్ వెంబ్లీ స్టేడియంలో, జర్మనీ మీద పెనాల్టీ పోగొట్టుకున్న మనిషి. ఇరవై ఏళ్ల తర్వాత అదే జట్టు బాధ్యత ఆయన చేతికొచ్చింది. అప్పటికి ఆ జట్టుకు పెనాల్టీలంటేనే భయం. 1990 నుంచి 2012 వరకు పెద్ద టోర్నీల్లో ఏడు షూటౌట్లు ఆడితే ఆరు ఓడిపోయింది. సౌత్‌గేట్ మనస్తత్వ నిపుణురాలు పిప్పా గ్రేంజ్‌ను జట్టులోకి తీసుకురావడం, భయం గురించి నోరు విప్పమని ఆటగాళ్లను అడగడం నాటకంలో అసలు మలుపు. 2024లో ఉత్తమ కొత్త నాటకంగా ఆలివియర్ అవార్డు కూడా దీనికే వచ్చింది.

ఎస్ డెవ్లిన్ వేసిన సెట్‌లో ప్రధానమైనది ఒక వలయం. కింద గుండ్రటి వేదిక, పైన వెలిగే తెల్లటి వలయం. దాన్ని మైదానం మధ్యలోని వృత్తం అనుకోవచ్చు, స్టేడియం పైకప్పు అనుకోవచ్చు, అందరి కళ్లూ ఒక్కడి మీదే ఉన్న చోటు అనుకోవచ్చు. ఈ నాటకం ఆడిన, నేషనల్ థియేటర్‌లోని ఆలివియర్ థియేటర్ నిర్మాణానికి ప్రేరణ గ్రీసులోని ఎపిడారస్ ప్రాచీన రంగస్థలం. ప్రేక్షకులు వేదిక చుట్టూ విసనకర్ర ఆకారంలో కూర్చుంటారు. అంటే మనం కూడా గ్యాలరీలో కూర్చున్న జనంలో భాగమైపోతాం. ఆ కుర్రాడి మీద ఒత్తిడి పెంచుతున్న చూపుల్లో మనవీ ఉన్నాయి. ఈ ఇబ్బందిని ప్రేక్షకుడికి మాటల్లో చెప్పనక్కర్లేదు, కూర్చున్న తీరే చెబుతుంది.

వీడియో డిజైన్ యాష్ వుడ్‌వర్డ్ పని, లైటింగ్ జాన్ క్లార్క్ పని. కానీ ఈ ప్రదర్శనలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది తెర మీద ఉన్నది కాదు, వేదిక మీద లేనిది. పెనాల్టీలు తన్నేటప్పుడు బంతి ఉండదు. నటుడు పరుగెత్తి గాల్లోకి తన్నుతాడు. శబ్దం, వెలుతురు, మిగతా నటుల శరీరాల కదలిక కలిసి బంతి ఎటు వెళ్లిందో చెబుతాయి. శబ్దం ఒక్క క్షణం ఆలస్యమైతే చాలు, సీరియస్ సన్నివేశం నవ్వులపాలవుతుంది. అందుకే ఇలాంటి నాటకంలో సౌండ్ ఆపరేటర్‌కు కూడా పెనాల్టీ తన్నేవాడంత టెన్షన్ ఉంటుంది.

బంతి లేకపోవడం వల్ల ఇంకో లాభం ఉంది. కాలం దర్శకుడి చేతిలోకి వస్తుంది. రెఫరీ విజిల్ మోగగానే ఇంగ్లాండ్ ఆటగాళ్లు మిగతా దేశాల వాళ్లకన్నా తొందరగా తన్నేసేవారని నార్వే పరిశోధకుడు గేర్ యోర్డెట్ గమనించాడు. ఆ క్షణం నుంచి ఎలాగైనా బయటపడాలన్న ఆత్రం అది. సౌత్‌గేట్ జట్టు నేర్చుకున్నది ఆగి ఊపిరి తీసుకోవడం. 2018 ప్రపంచ కప్‌లో కొలంబియా మీద ఇంగ్లాండ్ తన తొలి ప్రపంచ కప్ షూటౌట్ గెలిచింది. మైదానంలో రెండు మూడు సెకన్లలో అయిపోయే ఆ ఊపిరిని వేదిక మీద ఎంతసేపైనా సాగదీయవచ్చు. జనం హోరు తగ్గించి, వెలుతురును ఒక్కడి మీదకు కుదించి, మనల్నీ ఊపిరి బిగబట్టేలా చేయవచ్చు. మల్టీమీడియా అసలు ఉపయోగం ఇక్కడే.

నాకు అభ్యంతరాలూ ఉన్నాయి. సన్నివేశాలు వేగంగా మారిపోతుంటాయి. టోర్నీ తర్వాత టోర్నీ, ఒక వార్త తర్వాత మరో వార్త. ఆ వేగంలో బాధ నిలవదు. మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడితే మ్యాచ్‌లు గెలుస్తారు అన్న భావన ఇలాంటి కథల్లోకి సులువుగా వచ్చేస్తుంది. గెలవకపోతేనో? 2021 యూరో ఫైనల్‌లో ఇంగ్లాండ్ నల్లజాతి ఆటగాళ్లు రాష్‌ఫోర్డ్, సాంచో, సాకా పెనాల్టీలు పోగొట్టుకున్నారు. ఆ రాత్రే ఆన్‌లైన్‌లో వాళ్ల మీద జాత్యహంకార దూషణలు వెల్లువెత్తాయి. అదే నెలలో టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ జట్టు ఫైనల్ మధ్యలోనే తప్పుకుంది. గాల్లో తిరుగుతున్నప్పుడు తన శరీరం ఎక్కడుందో తెలియకపోవడమే కారణమని చెప్పింది. పతకాల పట్టిక చూపించి వివరించలేని సంగతి అది.

ఇలాంటి చోట డిజైనర్ పెద్ద తెర పెట్టి ద్వేషపు కామెంట్లన్నీ పరుగెత్తిస్తే ప్రేక్షకుడు వాటిని చదవడంలో పడిపోతాడు. నటుడిని చూడటం మానేస్తాడు. వెలిగే తెర పక్కన మనిషి ముఖం ఎప్పుడూ ఓడిపోతుంది. తెరను ఎక్కడ ఆపేయాలో తెలిసిన డిజైనరే ఈ విషయానికి న్యాయం చేయగలడని నా అభిప్రాయం.

మన తెలుగు ప్రేక్షకులకు రంగస్థల సాంకేతికత కొత్త కాదు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి వాళ్లు రంగుల తెరలు, తీగలు, పొగలతో పాత్రలను గాల్లో ఎగిరించారు. ఆ నైపుణ్యం బయటి అద్భుతాన్ని చూపించింది. దాన్నే లోపలి అలజడి వైపు తిప్పే కథలు మన దగ్గరా ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. స్వర్ణం కోసం చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు ఎత్తబోయి విఫలమైంది. ఆమె మనసులో అప్పుడేముందో మనం ఊహించి అంటగట్టకూడదు, ఆ మాట ఆమే చెప్పాలి. కానీ అలాంటి క్షణంలో నిలబడ్డ ఒక కల్పిత లిఫ్టర్ పాత్రను మన నాటక రచయితలు రాయవచ్చు. వెయిట్‌లిఫ్టింగ్ వేదిక నాలుగు మీటర్ల చదరం. పేరు పిలిచాక మామూలుగా ఒక్క నిమిషం గడువు, ఎదురుగా గడియారం. పరిషత్ పోటీలకు ఊరూరా తిరిగే నాటక సమాజం కూడా వ్యాన్‌లో తీసుకెళ్లగలిగిన సామాను ఇది. ఒక ప్రొజెక్టర్, రెండు లైట్లు, బాగా రికార్డు చేసిన శబ్దం ఉంటే ఆ ఒక్క నిమిషాన్ని గంట నాటకంగా ఆడవచ్చు.