డ్రోన్ కంటికి వేరే బ్యాటరీ అవసరమా?

ఎఫ్‌పీవీ డ్రోన్ (కెమెరా బొమ్మను కళ్లకు పెట్టుకున్న గాగుల్స్‌లో చూస్తూ నడిపేది) కొత్తగా కట్టుకుంటున్న కుర్రాళ్లు తరచూ అడుగుతుంటారు, ఆ బొమ్మను గాల్లో పంపే వీడియో ట్రాన్స్‌మిటర్‌కు ఎన్ని ఎంఏహెచ్ (సామర్థ్యం) బ్యాటరీ పెట్టాలని. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. గాగుల్స్‌లో బొమ్మ పోయిందంటే డ్రోన్ ఎటు పోతోందో తెలియదు. చెట్టుకో కరెంటు తీగకో తగలడానికి రెండు సెకన్లు చాలు. అందుకే ట్రాన్స్‌మిటర్‌కు విడిగా ఓ చిన్న బ్యాటరీ ఉంటే భద్రం అనిపిస్తుంది. మొదట్లో నేనూ అలాగే పెట్టాను. ఇప్పుడు మాత్రం మామూలు ఐదంగుళాల ప్రొపెల్లర్ల డ్రోన్‌కు అది వద్దనే చెబుతాను.

లెక్క చూడండి. కెమెరాతో కలిపి ట్రాన్స్‌మిటర్ 12 వోల్టుల దగ్గర అర ఆంపియర్ లాగుతుందనుకుందాం. అంటే 6 వాట్లు. ఐదు నిమిషాలు ఎగిరితే అది తినేది అర వాట్ అవర్. 6ఎస్ (ఆరు సెల్స్ వరుసగా కలిపిన) 1300 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీలో ఉండేది దాదాపు 29 వాట్ అవర్లు. అందులో ఇది 2 శాతం కూడా కాదు. ఆ కాస్త ఆదా కోసం 2ఎస్ చిన్న బ్యాటరీ ఒకటి ఎక్కిస్తే పాతిక, ముప్ఫై గ్రాములు పెరుగుతాయి. ఆ బరువు మోయడానికి మోటార్లు అదనంగా తాగే కరెంటు, మిగిల్చిన దానికంటే ఎక్కువే. 250 గ్రాముల లోపు నానో తరగతిలో ఉండాలనుకునే వాళ్లకైతే అందులో పదో వంతు బరువు ఇక్కడే పోయినట్టు.

బరువు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకోటి. తెర మీద కనిపించే వోల్టేజ్ సాధారణంగా పెద్ద బ్యాటరీది. చిన్నది ఎంత దిగిపోయిందో మనకు కనపడదు. ఓ సాయంత్రం నాకు అదే జరిగింది. పెద్ద బ్యాటరీ ఇంకా సగం ఉంది, గాగుల్స్ మాత్రం ఒక్కసారిగా నల్లబడ్డాయి. ముందురోజు చిన్నదాన్ని ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయాను. మొక్కజొన్న చేలో చీకటి పడేదాకా వెతికాను.

మరి ఎందుకు విడిగా పెడతారు? గీతల వల్ల. థ్రాటిల్ (మోటార్ల వేగం) పెంచినప్పుడల్లా అనలాగ్ బొమ్మలో తెల్లటి గీతలు పరుగెత్తుతాయి. మోటార్లను నడిపే ఈఎస్‌సీలు కరెంటును సెకనుకు వేల సార్లు ఆపి వదులుతుంటాయి. దాంతో బ్యాటరీ వైర్లలో వోల్టేజ్ నిలకడగా ఉండదు, ఆ అలజడే బొమ్మలోకి వస్తుంది. వేరే బ్యాటరీ పెడితే గీతలు చాలావరకు తగ్గుతాయి, నిజమే. కానీ అది రోగాన్ని వదిలేసి లక్షణానికి మందు వేయడం. బ్యాటరీ వైర్లు అతికే చోటే 35 వోల్టుల, 1000 మైక్రోఫారడ్ లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువుండే) కెపాసిటర్‌ను, కాళ్లు పొట్టిగా కత్తిరించి సోల్డర్ చేయండి. ట్రాన్స్‌మిటర్‌కు ఫ్లైట్ కంట్రోలర్ (డ్రోన్‌ను నడిపే బోర్డు) మీద వోల్టేజ్‌ను నిలకడగా ఉంచే 9 లేదా 10 వోల్టుల రెగ్యులేటర్ నుంచి కరెంటు ఇవ్వండి. ఆ రెగ్యులేటర్ ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో మాత్రం ముందే చూసుకోండి.

కొందరు రెగ్యులేటర్ లేకుండా నేరుగా బ్యాటరీకే కలుపుతారు. ట్రాన్స్‌మిటర్ మీద 7 నుంచి 26 వోల్టులు అని రాసి ఉంటే 6ఎస్‌కు సరిపోతుందనుకుంటారు. నిండా ఛార్జ్ అయిన 6ఎస్ 25.2 వోల్టులు. మిగిలింది 0.8 వోల్టు. థ్రాటిల్ ఒక్కసారిగా వదిలితే తిరుగుతున్న మోటార్లు కరెంటును వెనక్కి తోస్తాయి, వోల్టేజ్ ఎగిసిపడుతుంది. ఆ 0.8 ఎంతసేపు కాపాడుతుంది? సెల్‌కు 4.35 దాకా ఎక్కించే హెచ్‌వీ బ్యాటరీ అయితే 6ఎస్‌కు 26.1, ఎగరకముందే హద్దు దాటింది. కెపాసిటర్ ఈ ఎగుడుదిగుళ్లను కూడా మింగుతుంది, అందుకే దాని దగ్గర పిసినారితనం చేయొద్దంటాను.

వోల్టేజ్ పెంచితే బొమ్మ ఎక్కువ దూరం వస్తుందన్నది ఒట్టి అపోహ. లోపలి రెగ్యులేటర్ దాన్ని ఎలాగూ దించేస్తుంది. దూరాన్ని తేల్చేది సిగ్నల్ శక్తి, అంటే మిల్లీవాట్లు, ఇంకా యాంటెనా. మిల్లీవాట్లయినా, 200 నుంచి 800కు, అంటే నాలుగింతలు పెంచితేనే దూరం రెట్టింపవుతుంది. వేడి మాత్రం బాగా పెరుగుతుంది.

రెక్కల విమానాల సంగతి వేరు. గంటసేపు ఎగిరే వింగ్ మీద చిన్న బ్యాటరీ బరువు అంతగా తెలియదు. పడిపోయినప్పుడు పెద్ద బ్యాటరీ ఊడిపోయినా బొమ్మ వస్తూ ఉంటే ఎక్కడ పడిందో వెతుక్కోవచ్చు. ఆ ఒక్క లాభం కోసం నేను ఒప్పుకుంటాను. ట్రాన్స్‌మిటర్ లాగే కరెంటు తక్కువ కాబట్టి ఎక్కువ సీ రేటింగ్ (ఒక్కసారిగా ఎంత కరెంటు ఇవ్వగలదో చెప్పే అంకె) ఉన్న లైపో అక్కర్లేదు, రెండో మూడో 18650 లిథియం అయాన్ సెల్స్ చాలు. రెండు బ్యాటరీల నెగటివ్ వైర్లు కలిపి ఉండాలి, చిన్నదాని వోల్టేజ్ కూడా తెర మీదికి రావాలి. 4ఎస్ బ్యాటరీ బ్యాలెన్స్ వైరు (సెల్స్‌ను సమంగా ఛార్జ్ చేయడానికి ఉండే సన్న వైరు) నుంచి మూడు సెల్స్ వరకే లాగి 12 వోల్టులు తీసుకునే పాత పద్ధతి మాత్రం వద్దు. ఆ మూడూ ముందే దిగిపోయి, నాలుగోది మిగిలి, బ్యాటరీ పాడవుతుంది.

ఇంకో మాట, మన ఎండాకాలానికి. గాలి తగలకుండా బల్ల మీద పెట్టి సెట్టింగులు మారుస్తుంటే ట్రాన్స్‌మిటర్ నిమిషాల్లో చేయి పెట్టలేనంత కాలుతుంది. యాంటెనా బిగించి, 25 మిల్లీవాట్లకు తగ్గించి, ఎదురుగా ఓ టేబుల్ ఫ్యాన్ పెట్టుకున్నాకే బ్యాటరీ తగిలించండి.