పనసకాయకి సీటు బెల్టు

మొన్న ఆదివారం కవిటిలో అత్తవారింటి నుంచి బరంపురం తిరుగు ప్రయాణం. డిక్కీ నిండా కొబ్బరికాయలు, వెనక సీట్లో మా ఆవిడ, ఆవిడ మీద నిద్రపోతున్న పిల్లలు. మిగిలిన ఒక్క పనసకాయని మావయ్యగారు నా పక్క సీట్లో కూర్చోబెట్టి, "జాగ్రత్త బాబూ, రేపో మాపో పండుతుంది" అన్నారు.

బండి కదిలిందో లేదో కుయ్ కుయ్ మొదలు. సీట్లో బరువుంటే కారు లెక్కలో అది మనిషే. 2019 జూలై నుంచి తయారయ్యే కార్లన్నిటికీ ఈ అరుపు తప్పనిసరి చేశారు.

ఆపి బెల్టు పెట్టాను. చెప్పినంత సులువు కాదు. పనసకాయకి భుజాలుండవు. నిలబెడితే పట్టీ తొడిమ దగ్గరికి జారి ఉరేసినట్టు కనిపిస్తోంది. పడుకోబెడితే నడుమెక్కడో తెలియదు. పైగా తొడిమ నుంచి పాలు కారి పట్టీకి, పట్టీ నుంచి నా చొక్కాకి అంటుకున్నాయి. చివరికి మా ఆవిడ చున్నీ చుట్టి, కొత్త పెళ్లికూతుర్ని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టాను.

హైవే ఎక్కాక మళ్లీ కుయ్. జారిందేమోనని ఎడమ చేత్తో తడిమాను. ముళ్లు గుచ్చుకున్నాయి గానీ బెల్టు బాగానే ఉంది. నిమిషం తర్వాత మళ్లీ కుయ్, మళ్లీ తడిమాను. నాలుగోసారికి మా ఆవిడ కళ్లు తెరవకుండానే, "అది పనసకాయని కాదు, మిమ్మల్ని. ఎనభై దాటారు" అంది.

ఎనభై దాటితే నిమిషానికోసారి, నూట ఇరవై దాటితే ఆగకుండా మోగాలన్నది రూలు. నాలుగు వరసల రోడ్డు మీద కారు వంద దాకా వెళ్లొచ్చని 2018లో చెప్పిందీ ఈ రూలు పెట్టిన ఢిల్లీ వాళ్లే. తప్పు కాని తొంభైకి గోల పెట్టే ఈ యంత్రం, నలభై బోర్డున్న ఊళ్లో అరవైతో వెళ్తుంటే మాత్రం కొత్తల్లుడిలా మర్యాదగా నోరు మూసుకుంటుంది.

ఒడిశా సరిహద్దు దాటాక సరిగ్గా అదే జరిగింది. చింతచెట్టు వెనక పోలీసు జీపు. స్పీడు పట్టే మిషన్ ఉన్నచోట ముందే హెచ్చరిక బోర్డు పెట్టాలని 2021లో రూలొచ్చింది కదా అన్నాను. ఉందట. దాని మీద ఎవరిదో పెళ్లి బ్యానర్ కట్టారు.

పోలీసాయన కిటికీలోంచి తొంగిచూసి, "ఇయే కియే?" అన్నాడు. ఎవరీవిడ అని.

"పనస, ఆజ్ఞా." పనసండీ అని.

ఇంకో ఇద్దర్ని పిలిచాడు. ముగ్గురూ ఫోటోలు తీసుకున్నారు. వెనక నలుగురైదుగురు నాకంటే జోరుగా పోయారు, వాళ్లనెవరూ ఆపలేదు. చట్టంలో వెయ్యి నుంచి రెండు వేల దాకా ఉంది, పనసకాయ మొహం చూసి వెయ్యితో వదిలాడు.

దిగి జరిమానా కట్టి, ఎక్కి, బండి తీశాను. కుయ్.

అలవాటుగా ఎడమ చేత్తో తడిమాను. చున్నీ, బెల్టు, అన్నీ ఉన్నాయి. ఈసారి బెల్టు లేనిది నాకు. అద్దంలో చూస్తే ఆయన మిషన్ పట్టుకుని మళ్లీ ఇటే నడిచి వస్తున్నాడు.