చిన్న కాన్ఫిగ్ మార్పు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ చిన్న కాన్ఫిగ్ మార్పు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ. కుశలంగా ఉన్నది మాత్రం ప్రోగ్రామ్ సెట్టింగుల్లో చిన్న సవరణగా వచ్చిన తమరొక్కరే. పాత సర్వర్ల నుంచి క్లౌడ్‌కి మైగ్రేషన్ అన్నారు, వీకెండ్‌లో అయిపోతుందన్నారు. సోమవారం మధ్యాహ్నమైనా, టీమ్‌లన్నీ కలిసి తప్పు వెతికే బ్రిడ్జ్ కాల్ ఎవరూ కట్ చెయ్యలేదు.

ముందు తమ పలుకుబడికి ఒక నమస్కారం. ప్రోగ్రామ్‌లో ఒక్క లైను మార్చాలంటే మాకు రివ్యూ, టెస్టింగ్, సైన్ ఆఫ్, ఆపైన మార్పులకు అనుమతిచ్చే ఛేంజ్ బోర్డు ముందు సంజాయిషీ. తమరికి ఇవేవీ అడ్డు రావు. 'కోడ్ కాదండీ, ఉత్త కాన్ఫిగే' అంటే చాలు, 'లో రిస్క్' అని రాసి గేటు బార్లా తీసేస్తారు.

ఆ గేటులోంచి తమరు ఎంత దూరం వెళ్లారో లోకానికి తెలుసు. 2024 జులై 19న సైబర్ భద్రతా కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపింది కొత్త వెర్షన్ కాదు, కాన్ఫిగరేషన్ అప్‌డేటే. అది 21వ ఇన్‌పుట్ అడిగింది, ప్రోగ్రామ్ దగ్గర ఉన్నవి 20. దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడకేశాయి. అంతకుముందు 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు కొత్త ప్లాట్‌ఫామ్‌కి మారింది. డేటా చక్కగా చేరింది, ప్లాట్‌ఫామే మొరాయించింది. రెండు డేటా సెంటర్లుంటే, రద్దీని తట్టుకుంటుందా అని చూసే లోడ్ టెస్టు ఒక్కదాంట్లోనే చేశారని తర్వాత విచారణలో బయటపడింది. రెండోదాని కాన్ఫిగరేషన్ కూడా అచ్చం అలాగే ఉంటుందని నమ్మకం! పరిస్థితి కుదుటపడేసరికి డిసెంబరు వచ్చింది. 2022లో పడిన జరిమానా 4.865 కోట్ల పౌండ్లు.

మా దగ్గర తమరింత పెద్ద ఎత్తున పనిచేయరు, నిజమే. కానీ తమరు ఒక చోట కాలు పెడితే ఎర్రర్ ఇంకో చోట లేస్తుంది. డేటాబేస్ సర్వర్ పేరు చివర, కాపీ పేస్ట్‌తో పాటు ఒక ఖాళీ స్పేస్ వచ్చి కూర్చుంది. జావా ప్రోగ్రామ్ సెట్టింగులుండే ప్రాపర్టీస్ ఫైలు ఆ స్పేస్‌ని భక్తిగా పేరులో భాగంగానే తీసుకుంటుంది. ప్రోగ్రామ్ రాసుకునే చిట్టా, అంటే లాగ్‌లో 'అలాంటి సర్వర్ లేదు' అని వస్తుంది. కళ్లు చిట్లించి చూసినా పేరులో అక్షరం తేడా లేదు. అప్లికేషన్ వాళ్లు ఫైర్‌వాల్ అంటారు, ఫైర్‌వాల్ వాళ్లు సర్వర్ పేరుని అడ్రసుగా మార్చే డీఎన్ఎస్ అంటారు, డీఎన్ఎస్ వాళ్లు మ్యూట్‌లో ఉంటారు. స్క్రీన్ మీదేమో 'మీ అడ్మినిస్ట్రేటర్‌ని సంప్రదించండి' అని సలహా. ఆయనా కాల్‌లోనే ఉన్నాడు, పాపం, ఆయనకీ అదే స్క్రీన్ కనిపిస్తోంది.

అన్నిటికంటే పెద్దదైన తమ దొంగాట మరొకటి ఉంది. ఫైలులో విలువ సరిచేస్తాం, రీస్టార్ట్ చేస్తాం, పాతదే నడుస్తుంది. అదే సెట్టింగ్‌ని ఎవరో ఎప్పుడో ఫైలు బయట, సిస్టమ్‌లోనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా పెట్టి వెళ్లారు. మేం వాడే జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌లో ఫైలు మాట కంటే దాని మాటే చెల్లుతుంది. 'ఫైలు కాదు సార్, నడుస్తున్న ప్రాసెస్‌లో ఏ విలువ ఉందో చూద్దాం' అని టీమ్‌లోని జూనియర్ అమ్మాయి రాత్రే చెప్పింది. 'కాసేపు ఆగమ్మా, సీనియర్లు మాట్లాడుతున్నారు' అన్నారు. తెల్లారాక అదే సంగతిని సీనియర్లే కనిపెట్టి మెయిల్ పెట్టారు.

తమరిని రావద్దనే ధైర్యం మాకు లేదు. వచ్చేటప్పుడు కాస్త ఒంటరిగా రండి. ఒకే టికెట్‌లో బంధువులందరినీ వెంటేసుకొస్తే ఎవరిని వెనక్కి పంపాలో తెలియక చస్తున్నాం. మీకంటే ముందు ఆ స్థానంలో ఏ విలువ ఉండేదో కూడా రాయించండి. రోల్‌బ్యాక్ ప్లాన్‌లో 'మునుపటిలాగే పెట్టాలి' అని మాత్రమే ఉంది. మునుపు ఏముండేదో తెలిసినాయన కంపెనీ మారిపోయాడు.

ఇట్లు,
రోల్‌బ్యాక్‌కి అప్రూవల్ ఎవరివ్వాలో తేలక ఎదురుచూస్తున్న
సపోర్ట్ టీమ్