కోవెంట్రీకి బదిలీ

మా చిన్నాన్న కాకినాడలో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, 1964లో వోచర్ మీద, అంటే అక్కడ పనిచేసుకోవడానికి వాళ్లిచ్చే అనుమతి చీటీ మీద, ఇంగ్లండ్ వెళ్లాడు. బర్మింగ్‌హామ్‌లో ఓ కెటిళ్ల ఫ్యాక్టరీలో పని దొరికింది. కెటిల్ కన్నంలో నీళ్లు కాచే కరెంటు ఎలిమెంట్ దూర్చాలి. లోపల రబ్బరు వాషరు, బయట ఫైబరు వాషరు, నట్టు బిగించు, పక్కకి తొయ్యి. సైరన్ మోగేదాకా అంతే. చదివిన చదువంతా ఆ కన్నంలోనే పోయిందనేవాడు.

గిరాకీ మాత్రం మామూలుగా లేదు. యుద్ధం 1945లో ఆగినా తిండి రేషన్ పూర్తిగా పోయింది 1954లోనే. అన్నేళ్లు కడుపు కట్టుకున్న జనం ఇప్పుడు వాషింగ్ మెషీన్లూ ఫ్రిజ్‌లూ వాయిదాల మీద ఎగబడి కొంటున్నారు. ఆ వాయిదాలకి వాళ్లే ముద్దుగా 'నెవర్ నెవర్' అని పేరు పెట్టుకున్నారు, ఎప్పటికీ తీరవని.

బల్లకి అటూ ఇటూ అందరూ ఆడవాళ్లే. ఆ ఊళ్లో ఎవరినైనా ఆప్యాయంగా 'బాబ్' అంటారు. మావాడికి అది 'బాబూ' అని వినిపించింది. పరాయి దేశంలో మొదటి వారమే బాబూ అని పిలిపించుకున్నవాడు ఇక నేల మీద నడుస్తాడా?

ఓ రోజు స్టాప్‌వాచ్ పట్టుకుని రేట్ ఫిక్సర్ వచ్చాడు. కూలి డజన్ల లెక్కన. డజనుకి ఎంత టైమ్ పడుతుందో చూసి రేటు కడతాడు. అతను గుమ్మంలో కనబడగానే, అప్పటిదాకా మెషీన్లలా ఆడిన చేతులు తలంబ్రాలు పోసే కొత్త పెళ్లికూతురి చేతులైపోయాయి. ఒకావిడ నట్టు కింద పడేసుకుని తాపీగా వెతుక్కుంది. ఇంకొకావిడ ముక్కు తుడుచుకుంది. పక్కావిడ మావాడి కాలు తొక్కి మరీ సైగ చేసింది.

మా చిన్నాన్న చూసి రమ్మంటే కాల్చి వచ్చే రకం. డిప్లొమా పరువు నిలబెట్టాలని డజను కెటిళ్లు ఊపిరి పీల్చకుండా బిగించి, చేతులు దులుపుకున్నాడు. రేట్ ఫిక్సర్ నవ్వుతూ రాసుకుని వెళ్లాడు. శుక్రవారానికి బల్ల మొత్తానికీ రేటు తగ్గింది.

సోమవారం నుంచి ఎవరూ మాట్లాడలేదు. గుడ్ మార్నింగ్ అంటే గోడకి చెప్పినట్టే. టీ బండి ఈయన దగ్గర ఆగకుండా దొర్లిపోయింది. వారమంతా ఆయనతో మాట్లాడింది స్పీకర్లో బీబీసీ ఒక్కటే. చివరికి ఫోర్‌మన్ దగ్గరికెళ్లి అడిగితే ఆయన తల గోక్కుని, "నిన్ను కోవెంట్రీకి పంపారయ్యా" అన్నాడు.

కోవెంట్రీ అంటే కార్ల ఫ్యాక్టరీల ఊరు, సుమారు ముప్పై కిలోమీటర్లే, జీతాలు ఎక్కువ. అంత స్పీడుగా బిగించినందుకు ప్రమోషన్! ఆ రాత్రే నీలం ఏరోగ్రామ్ మీద ఇంటికి ఉత్తరం రాసి పోస్ట్‌లో పడేశాడు.

మళ్లీ సోమవారం ట్రంకు పెట్టె మోసుకుంటూ వచ్చి, కార్డు పంచ్ చేసే గడియారం పక్కన దించాడు. వరసలో ఉన్నవాళ్లందర్నీ చూసి, "కోవెంట్రీ బండి ఎన్నింటికి?" అని అడిగాడు.

ఎవరూ పలకలేదు. బల్ల మీద అందరికన్నా కోపిష్టావిడ మూతి బిగించి పైకప్పు చూసింది. భుజాలు కదిలాయి. ముక్కులోంచి ఓ వింత చప్పుడు వచ్చింది. అంతే, వరసంతా కడుపు పట్టుకుని పడి పడి నవ్వింది. ఆ మాటకి అర్థం మన వెలివేతేనని ఆవిడే కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. నవ్వేశాక ఇంకేం వెలి? "పెట్టె పక్కన పెట్టు బాబ్, టీ చల్లారిపోతోంది" అంది. తగ్గిన రేటు మాత్రం మళ్లీ పెరగలేదు.

ఈలోగా ఉత్తరం కాకినాడ చేరింది. మా నాయనమ్మ వీధి వీధంతా కాజాలు పంచింది. నిజం చెప్పడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు. పోయేదాకా ఆవిడ లెక్కలో మా చిన్నాన్న కోవెంట్రీలో పెద్ద ఆఫీసరే.