నోటీసు లేని నిషేధం

మా మండలంలో ఒక రైతు కూతురి పెళ్లికి ఎకరం అమ్మకానికి పెట్టాడు. తాత నాటి పట్టా ఉంది, శిస్తు రశీదులు ఉన్నాయి. ముప్పై ఏళ్లకు ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయిస్తే చిన్న మచ్చ కూడా లేదు. తీరా రిజిస్ట్రేషన్ ఆఫీసులో సర్వే నంబరు కొట్టగానే ‘నిషేధిత ఆస్తి’ అని వచ్చింది. కొనే మనిషి బయానా వెనక్కి అడిగాడు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. రిజిస్ట్రేషన్ చేయకూడదని పెట్టిన నిషేధిత ఆస్తుల జాబితా, అంటే 22ఏ జాబితా, వేరే. ‘ఈసీ క్లియర్’ అన్న మాటను నమ్మి కొన్నవాళ్లు మునిగేది అందుకే.

రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ ఇప్పటి రూపంలో మనకు, అంటే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు, 2007లో వచ్చింది. ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ ఆస్తులు, సీలింగ్ మిగులు భూములు, పేదలకు ప్రభుత్వం ఇచ్చిన, 1977 చట్టం అమ్మకూడదన్న అసైన్డ్ భూములు చేతులు మారకుండా ఆపడం దాని పని. ఆ అవసరాన్ని నేను కాదనను. గుడి మాన్యాలు ప్లాట్లుగా మారిపోవడం మనం కళ్లారా చూసిందే. రాజస్థాన్ తెచ్చుకున్న ఇలాంటి సెక్షన్‌ను మాత్రం సుప్రీంకోర్టు 2005లో కొట్టేసింది. దేన్ని ఆపాలో చట్టం తేల్చకుండా అధికారుల ఇష్టానికి వదిలేయడం అక్కడి లోపం. మన చట్టం రకాలను పేర్కొంది కాబట్టి ఆ లోపం కాగితం మీద తీరింది. ఆచరణలో అలాగే ఉంది. సర్వే నంబరులో రెండెకరాలు దేవుడి మాన్యమైతే, సబ్ డివిజన్ చూడకుండా నంబరు మొత్తం జాబితాకెక్కుతుంది. పక్క రైతుకు ఆ సంగతి చెప్పే నాథుడు ఉండడు.

చుక్కల భూముల కథ మరీ దారుణం. బ్రిటిష్ కాలపు భూమి రికార్డైన రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో యజమాని పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేశారు. ఆ చుక్కల్ని పట్టుకుని, తరాలుగా దున్నుకుంటున్న భూములను నిషేధంలో పెట్టారు. వాటి కోసం 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. 2023లో సుమారు 2 లక్షల ఎకరాలను జాబితా నుంచి తీసేశారు. అన్నేళ్లు అమ్ముకోలేక నష్టపోయినవాళ్లకు బదులు చెప్పేదెవరు?

ఆస్తి హక్కు ప్రాథమిక హక్కు కాకపోయినా, రాజ్యాంగంలోని 300ఏ అధికరణం ప్రకారం చట్టబద్ధంగా తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోకూడదు. అమ్మనివ్వకుండా, తాకట్టు పెట్టనివ్వకుండా ఏళ్ల తరబడి ఆపడం లాక్కోవడం కంటే ఎంత తక్కువ? నంబరు జాబితాకెక్కించే ముందే పట్టాదారుకు నోటీసు ఇవ్వాలి. ఏ కాగితం ఆధారంగా ఎక్కించారో ఆన్‌లైన్‌లో ఉంచాలి. అర్జీ పెడితే గడువులోగా తేల్చాలి, తేల్చకపోతే ఆ నంబరు దానంతటదే జాబితా నుంచి పోవాలి. భూమి ప్రభుత్వానిదని రుజువు చేయాల్సింది ప్రభుత్వమే. తనదేనని రైతు కాళ్లరిగేలా తిరగడమేమిటి?

మా మండలం రైతు అర్జీ పెట్టి ఏడాది దాటింది. ఆ భూమి మీద బ్యాంకు అప్పివ్వనంది. పెళ్లి మాత్రం ఆగలేదు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి చేశాడు.